ఆఖరి రీలు

ముసలి తండ్రి ఎదుటికి కొడుకు తల వంచుకుని వచ్చే సీను ఎప్పుడూ ఆఖరి రెండు రీళ్లలోనే ఉండేది. 14 రీళ్ల సినిమా అయితే 13వ రీల్లో వాకిట్లో జట్కా ఆగేది, 14వ రీల్లో గుమ్మం దాటేవాడు. అంతవరకూ పాటలకి ఈలలు వేసినవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి సర్దుకుని కూర్చునేవారు. నేల టిక్కెట్టు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. విజయనగరం, శ్రీకాకుళం హాళ్లలోనూ, రాజాం, చీపురుపల్లి, బొబ్బిలి దాటి పల్లెల్లో వెలిసిన టూరింగ్ టాకీసుల్లోనూ ఆ సీను పండటంలో సగం నటులది, సగం ప్రొజెక్టరు క్యాబిన్‌లో చెమటలు కక్కుతున్న ఆపరేటరుది. ఆ రెండో సగం గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ముందు అదే.

లెక్క చిన్నదే. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 బొమ్మలు, అంటే ఫ్రేములు. సెకనుకి 24 బొమ్మలు నడుస్తాయి కాబట్టి సెకనుకి అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు వస్తుంది. రెండు రీళ్లు అతికి 2,000 అడుగుల స్పూలు మీద చుడితే 22 నిమిషాలు. ఇప్పుడు దీన్ని మాటల్లోకి మార్చి చూడండి. కొడుకు "నాన్నా" అనడానికి అరసెకను పడుతుంది. అరసెకను అంటే 12 బొమ్మలు. 12 బొమ్మలంటే 9 అంగుళాలు, అంటే జానెడు. రెండున్నర గంటల సినిమా మొత్తం ఏ పిలుపు కోసం ఎదురుచూసిందో ఆ పిలుపు జానెడు ఫిల్ములో ఉంటుంది. ఆ జానెడు చిరిగిపోతే ఆ ఊరికి ఆ సినిమాలో కొడుకు తండ్రిని పిలవనట్టే.

చిరగడం కూడా అరుదేం కాదు. ప్రింటు ముందు విశాఖపట్నంలో ఆడేది. తర్వాత విజయనగరం, శ్రీకాకుళం. ఆ తర్వాత చిన్న సెంటర్లు. అవన్నీ అయ్యాక, నెలలు గడిచాక, రేకు పెట్టెల్లో బస్సు టాపు మీదో రైల్లోనో టూరింగ్ టాకీసుకి చేరేది. "బాక్సు వచ్చిందా?" అన్నదే ఆ రోజుల్లో ఊరి ప్రశ్న. బాక్సు రాకపోతే ఆట లేదు. వచ్చిన బాక్సులో రీళ్లు అప్పటికి వందల ఆటలు ఆడి ఉండేవి. ప్రతి రీలుకీ మొదలూ చివరా ఎక్కువ దెబ్బ తినేవి. మిషన్లోకి ఎక్కించేటప్పుడు చెయ్యి పడేది అక్కడే, తిరగచుట్టేటప్పుడు నేల మీద రాసుకునేదీ అక్కడే. ఈ సంగతి తెలిసిన ఎడిటర్లు రీలు చివరి కొన్ని సెకన్లలో ముఖ్యమైన మాట రాకుండా జాగ్రత్తపడేవారు. తండ్రీకొడుకుల సీను రెండు రీళ్ల మధ్య విరగకుండా ఒకే రీల్లోకి సర్దేవారు. అలా సర్దని సినిమాలు మా వైపు మూడో నెలకే సగం మూగవయ్యేవి.

ఫిల్ము తెగితే అతకడం ఒక విద్య. తెగిన రెండు కొసల్నీ బొమ్మకీ బొమ్మకీ మధ్య గీత మీద తిన్నగా కత్తిరించాలి. ఒక కొసన సన్నటి అంచు వదిలి, ఆ అంచు మీద మందు పూత ఉన్న మసక వైపు తడిచేసి, బ్లేడుతో గీకాలి. గాజులా అవతలి వెలుగు కనిపించేదాకా గీకాలి. ఫిల్ము సిమెంటు అనే జిగురు కుంచెతో ఒక్కసారి రాసి, మిషన్ పళ్లు పట్టే అంచు కన్నాలు ఒకదాని మీద ఒకటి కూర్చునేలా పెట్టి, పది పదిహేను సెకన్లు గట్టిగా నొక్కి ఉంచాలి. పూత సరిగ్గా గీకకపోతే అతుకు గేటు (దీపం ముందు ఫిల్ము నిలిచే చట్రం) వేడికి విచ్చుకుంటుంది. సిమెంటు ఎక్కువైతే ఆ చోట ఫిల్ము ముడుచుకుని బొమ్మ ఫోకసు తప్పుతుంది. కన్నాలు కుదరకపోతే తెర మీద తండ్రి తల సగం కిందా కాళ్లు సగం పైనా కనిపిస్తాయి. అతుకు సౌండు బాక్సులోంచి పోయేటప్పుడు "టప్" మని కొట్టకుండా ఫిల్ము అంచున ఉండే సౌండు పట్టీ మీద నల్ల సిరాతో చిన్న ముక్కోణం దిద్దేవారు. ఆ ఓపిక ఉన్న ఆపరేటర్లు కొద్దిమందే. ఆ కొద్దిమందీ ఆఖరి రీలుకి మాత్రం తప్పకుండా దిద్దేవారు.

ఇంకో చిక్కు ఉంది. బొమ్మకి సంబంధించిన సౌండు ఆ బొమ్మ పక్కనే ఉండదు. సౌండు చదివే దీపం గేటుకి కిందగా ఉంటుంది కాబట్టి, సౌండుని సుమారు 20 బొమ్మలు ముందుగా ముద్రిస్తారు. అంటే ఒకచోట జానెడు కోస్తే బొమ్మ అక్కడ పోతుంది, మాట మాత్రం దాదాపు సెకను తర్వాత వచ్చే బొమ్మది పోతుంది. కొడుకు ఒక్క ఉదుటున గుమ్మంలోంచి మంచం దగ్గరికి దూకినట్టు కనిపించి, ఆ వెంటనే తల్లి పెదాలు కదిలినా మాట వినిపించకపోవడం అందుకే. అందరూ మిషన్ని తిట్టేవారు. మిషన్ తప్పేం లేదు, అంతకు ముందు ఆడిన ఊళ్లో ఎవరో కత్తెరేశారు. అలాగే కింది లూపు, అంటే గేటుకీ సౌండు దీపానికీ మధ్య వదులుగా ఉంచే ఫిల్ము, ఒకటి రెండు బొమ్మలు ఎక్కువో తక్కువో పెట్టి ఫిల్ము ఎక్కిస్తే మాటకీ పెదవికీ పొత్తు తప్పుతుంది. ఫైటింగులో ఆ తేడా ఎవరికీ తెలియదు. ముసలివాళ్లిద్దరూ దగ్గరగా కూర్చుని మెల్లగా మాట్లాడుకునే క్లోజప్పులో మూడు బొమ్మల తేడా ఉన్నా నేల టిక్కెట్టు కూడా పట్టేస్తుంది.

ఈ రకం సినిమాలకి ప్రాణం మౌనం. పెద్దాయన ఒక్క మాటా అనడు, పెద్దావిడ మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన పెడుతుంది, ఆయన చూడడు, చూస్తాడు, తాగుతాడు. పాత ప్రింటులో ఆ మౌనమే అందరికన్నా ముందు చెడిపోయేది. సౌండు పట్టీ మీద గీతలు, దుమ్ము, నూనె మరకలు అన్నీ పాటల్లో, అరుపుల్లో కొట్టుకుపోతాయి. ఎవరూ మాట్లాడనప్పుడు మాత్రం అవే చిటపటలై, వేడి పెనం మీద నీళ్ల చుక్కల్లా వినిపిస్తాయి. అనుభవం లేని ఆపరేటరు హాలంతా నిశ్శబ్దమైపోయిందని కంగారుపడి ఫేడరు (సౌండు పెంచి తగ్గించే పిడి) పెంచేవాడు. ఆ చిటపటలూ పెరిగేవి. తెలిసినవాడు సరిగ్గా దీనికి ఎదురు చేసేవాడు. ఆ సీను రాగానే ఒక మెట్టు తగ్గించేవాడు. హాలు ఇంకా చెవులు రిక్కించుకునేది. తర్వాత తల్లి నోట మాట వచ్చే ముందు ఆ మెట్టు మళ్లీ ఎక్కించేవాడు. ఏ బొమ్మ దగ్గర ఎక్కించాలో మూడో రోజుకి కంఠతా వచ్చేసేది.

వెలుగు సంగతి కూడా అంతే. ప్రొజెక్టరుకి దీపంలా పనిచేసే కార్బన్ ఆర్కులో రెండు కడ్డీలు ఎదురెదురుగా మండుతుంటాయి. పాజిటివ్ కడ్డీ లావుగా, రాగి పూతతో ఉంటుంది. నెగటివ్ సన్నగా ఉంటుంది. అవి అరిగేకొద్దీ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందు సమానంగా ఉండేలా పిడి తిప్పుతూ దగ్గరికి జరుపుతుండాలి. మరీ దగ్గరైతే బుస్సుమంటుంది, దూరమైతే వెలుగు పచ్చబారి, తెర అంచులు బురద రంగుకి తిరుగుతాయి. హీరో సిల్కు చొక్కా అయితే ఎవరూ పట్టించుకోరు. ముసలివాళ్ల సినిమాలో అంతా తెలుపే కదా! నెరిసిన జుట్టు, తెల్ల పంచె, సున్నం కొట్టిన గోడ, విబూది రేఖలు. ఆర్కు మందగిస్తే ముందు పోయేది ఆ తెలుపే. టూరింగ్ టాకీసుల్లో ఆయిలింజను మీద నడిచే జనరేటరు దమ్ము తగ్గినప్పుడు ఆ పెద్దాయన మొహం మట్టిబొమ్మలా అయిపోయేది.

రెండు మిషన్లున్న హాళ్లలో ఒక స్పూలు అయిపోతుండగా రెండోది అందుకోవాలి. దానికి తెర మీద కుడివైపు పైమూలన చిన్న చుక్క వస్తుంది, నాలుగు బొమ్మలపాటు, అంటే సెకనులో ఆరో వంతు. మొదటి చుక్కకి రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్ల తర్వాత రెండో చుక్కకి వెలుగూ సౌండూ మార్చాలి. చివర కత్తిరింపుల్లో ఆ చుక్కలు పోయిన ప్రింట్లకి ఆపరేటర్లే సూదితో ఇంటూ గుర్తులు గీసుకునేవారు. ఊరు మారేకొద్దీ గుర్తులు పెరిగేవి. చివరికి పెద్దాయన నుదుటి పక్కన నాలుగైదు ఇంటూలు మెరిసి మాయమయ్యేవి. ఒకటే మిషన్ ఉన్న టాకీసులో అయితే ప్రతి స్పూలుకీ లైట్లు వెలగాల్సిందే. కొడుకు ఉత్తరం చదివి తల్లి కుప్పకూలగానే లైట్లు వేసి, వేరుశనగకాయల బుట్ట లోపలికి వచ్చేది. జనం మాత్రం ఆ ఏడుపుని అలాగే పట్టుకుని కూర్చునేవారు. మళ్లీ చీకటవగానే అక్కడి నుంచే అందుకునేవారు. అంత ఓపిక ఇప్పుడెక్కడుంది అనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం తలుపులు. కుటుంబమంతా వరండాలో చేరి, మనవడు తాత ఒళ్లో ఎక్కి, ఆఖరి బొమ్మ నిలబడి "శుభం" అనే అక్షరాలు పడేటప్పటికే పక్క తలుపులు భళ్లున తెరిచేసేవారు. రెండో ఆటకి జనం బయట తోసుకుంటుంటే గేటు దగ్గరున్నవాళ్లకి ఇంకో దారి లేదు. మొదటాట అయితే బయటి దీపాల వెలుగు, మ్యాట్నీ అయితే సాయంత్రపు ఎండ, తిన్నగా తెర మీద పడి ఆ ఇంటిల్లిపాదినీ చెరిపేసేది. ముసలావిడ నవ్విందో లేదో చాలామందికి తెలియదు. నడుస్తూ వెళ్తూ ఒకరినొకరు అదే అడిగేవారు. "ఒలే, ఆకర్న ఆ ముసిల్ది నవ్విందేటే?"

ఈ సీన్లు మా వైపు ఇంతగా తాకడానికి కారణం ఇళ్లలోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలు వలసల పల్లెలు. కుర్రాళ్లు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై కట్టడం పనులకి పోతారు. తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకి పోతారు. పండక్కి వస్తారు, కనుమ వెళ్లగానే బస్సెక్కుతారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, తాళాలు, ఒకటో రెండో మేకలు. కొడుకులు ఊళ్లోనే ఉన్న ఇళ్లలో వంతులుంటాయి. ఈ నెల పెద్దోడింట్లో అమ్మ, వచ్చే నెల చిన్నోడింట్లో. కొన్ని ఇళ్లలో అమ్మొకచోట, నాన్నొకచోట. 1972లో వచ్చిన "బడిపంతులు"లో ఎన్.టి.రామారావు, అంజలీదేవి ముసలితనంలో కొడుకుల మధ్య అలా విడిపోతే, హాల్లో కూర్చున్నవాళ్లకి అది కథలా అనిపించలేదు. చాలామంది ఆ వంతుల్లోంచే లేచి సినిమాకి వచ్చారు. కన్నడంలో 1958లో వచ్చిన "స్కూల్ మాస్టర్" దానికి మూలం. మూలం ఏ భాషదైనా వంతులు మాత్రం ప్రతి ఊరివీ.

ఇక్కడ వేషం గురించి చెప్పాలి. రామారావుకి అప్పటికి 49 ఏళ్లు, అంజలీదేవికి 45. ఇద్దరినీ ముసలివాళ్లని చెయ్యాలి. నలుపు తెలుపు రోజుల్లో బూడిదరంగు పెన్సిలుతో నుదుట నాలుగు గీతలు, జుట్టుకి తెల్ల పూత చాలేది. రంగుల్లో ఆ పప్పులు ఉడకవు. తెల్లగా పూసిన జుట్టు తెర మీద నీలంగా కనిపిస్తుంది. అందుకని తెలుపులో కాస్త పసుపు ఛాయ కలిపి ఏనుగు దంతం రంగుకి తేవాలి. ముడతలకి పలుచటి రబ్బరు పాలు వాడతారు. చర్మాన్ని ముడత పడాల్సిన గీతకి అడ్డంగా వేళ్లతో సాగదీసి పట్టుకుని, స్పాంజితో ఆ పాలు అద్ది, గాలి మిషనుతో ఆరబెట్టి, సాగదీసి ఉండగానే పౌడరు అద్ది, అప్పుడు వదలాలి. వదలగానే చర్మం ముడతలు పడుతుంది. రెండు మూడు పూతలు పడితేగాని కెమెరాకి ఆనదు. పౌడరు మర్చిపోతే ముడతలు ఒకదానికొకటి అంటుకుని మొహం సంచిలా తయారవుతుంది. చెమట పడితే అంచులు లేస్తాయి. మే నెలలో మన కోస్తా ఉక్కలో అవుట్‌డోరు పెట్టుకుంటే గంటకోసారి సరిదిద్దాల్సిందే.

అన్నీ చేసి మెడ, చేతులు మర్చిపోతారు. అదే ఎక్కువ సినిమాల్లో జరిగిన తప్పు. మొహానికి డెబ్బై ఏళ్లు, మనవడి తల నిమిరే చేతికి ముప్పై ఏళ్లు. కలిసిపోయే సీన్లో కెమెరా తిన్నగా వెళ్లేది చేతుల మీదికే కదా. ఇంకో తప్పు వణుకు. ముసలితనం అనగానే తల, చెయ్యి, గొంతు అన్నీ వణికించేస్తారు. నాగావళి, వంశధార ఒడ్డున పొలం చేసి ముసలైనవాళ్లు అలా వణకరు. నిటారుగానే నడుస్తారు. తేడా అంతా కూర్చునే ముందు, లేచే ముందు తెలుస్తుంది. కూర్చోవాలంటే ముందు చెయ్యి వెతుక్కుంటుంది, అరుగు అంచో మంచం కోడో అందాక అప్పుడు నడుం వంగుతుంది. లేవాలంటే ఒక అరచెయ్యి మోకాలి మీద పడుతుంది, ఒక ఊపిరి ఆగుతుంది, రెండోసారికి లేస్తారు. ఈ ఒక్క ఊపిరి పట్టుకున్న నటులకి రబ్బరు పాలు అక్కర్లేదు.

1991 సంక్రాంతికి వచ్చిన "సీతారామయ్యగారి మనవరాలు"లో అక్కినేని నాగేశ్వరరావు నిజంగానే అరవై దాటినవారు. భార్య జానకమ్మగా వేసిన రోహిణీ హట్టంగడికి అప్పటికి నలభై కూడా లేవు. అంతకు ముందే 1982 నాటి "గాంధీ"లో కస్తూర్బాగా వయసు పైబడటం తెర మీద చేసి చూపించిన నటి ఆమె. వయసున్న ఆయనా, వయసు నేర్చుకున్న ఆమే పక్కపక్కన కూర్చుంటే ఎక్కడా అతుకు కనపడదు. కొడుకుతో మాటలు మానేసిన తాత దగ్గరికి మనవరాలు అమెరికా నుంచి వస్తుంది, తండ్రి లేడన్న సంగతి కడుపులో దాచుకుని. ఈ కథలో రాజీ కుదిరేటప్పటికే రాజీ పడాల్సిన మనిషి లేడు. ఆ సంగతి ప్రేక్షకుడికి తెలుసు, తాతకి తెలియదు. అందుకే ఆయన నవ్విన ప్రతిసారీ హాల్లో ఎవరో ముక్కు చీదేవారు.

ఇలాంటి సినిమాలు ఎన్ని చూసినా ఒక సంగతి మళ్లీ మళ్లీ రుజువవుతుంది. క్షమాపణ మాటల్లో పెట్టిన సినిమా రెండో ఊరికి పాతబడిపోతుంది. చేతుల్లో పెట్టిన సినిమా నిలుస్తుంది. కాళ్ల మీద పడి అరపేజీ డైలాగు చెప్పే కొడుకు కన్నా, వచ్చీ రాగానే కాళ్లు కడుక్కుని పాత పీట వేసుకుని కూర్చుని "ఆకలేస్తోందమ్మా" అనే కొడుకు మా జనాన్ని ఎక్కువ ఏడిపిస్తాడు. పగ ఉన్న ఇంట్లో ముందు ఆగేది భోజనమే కాబట్టి. మా పల్లెల్లో "ఆ ఇంట మంచినీళ్లు ముట్టం" అన్నదే తెగతెంపులకి గుర్తు. ఆ చెంబు మళ్లీ అందుకుంటే తగువు తీరినట్టే, ఎవరూ నోరు విప్పక్కర్లేదు. 2017 నాటి "శతమానం భవతి"లో తల్లిదండ్రులు విడాకులు తీసుకుంటారన్న కబురు పంపి విదేశాల్లోని పిల్లల్ని పండక్కి రప్పిస్తారు. ఆ ఎత్తుగడ తెలివైనదే, ప్రకాశ్ రాజ్, జయసుధ దాన్ని హుందాగా మోశారు. కానీ అందులోనూ గుర్తుండేది పండగ నాటి ఇల్లు, వంటిల్లు, విస్తర్లే.

ప్రేమ మాట చెప్పకుండా ప్రేమని మోసిన సినిమా అంటే "శంకరాభరణం" గుర్తు రాకుండా ఉండదు. 1980 ఫిబ్రవరిలో వచ్చింది. శంకరశాస్త్రిగా వేసిన జె.వి.సోమయాజులు మన శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టినవారు. రెవెన్యూ ఉద్యోగం చేసుకుంటూ, తమ్ముడు రమణమూర్తితో కలిసి "కన్యాశుల్కం" నాటకం ఊరూరా ఆడినవారు. ఆ నాటకంలో రామప్పపంతులు వేసిన మనిషి, యాభై ఏళ్ల వయసులో, తులసి వైపు ఒక్క చూపుతో సరిపెట్టే శాస్త్రిగా నిలబడటం విజయనగరం నాటక సమాజాల చేతి మహిమ అనుకోవాలి. నాటకంలో ఆఖరి వరసకి వినపడేలా గొంతు ఎత్తడం నేర్చుకున్నవాళ్లకి, సినిమాలో ఎంత తగ్గించాలో కూడా బాగా తెలుస్తుంది.

ఇక "మిథునం". అది మన నేల మీద తీసిన సినిమా. అప్పటికి శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రేగిడి ఆమదాలవలస మండలం వావిలవలసలో చిత్రీకరణ జరిగింది. 2022 జిల్లాల విభజనలో ఆ మండలం విజయనగరం జిల్లాకి మారింది. కాబట్టి ఇప్పుడు రెండు జిల్లాలవాళ్లూ మాదే అనుకోవచ్చు. శ్రీరమణ రాసిన కథ, బాపు ముచ్చటపడి సొంత దస్తూరీతో తిరగరాసిన కథ. అదే కథని ఎం.టి.వాసుదేవన్ నాయర్ 2000లో మలయాళంలో "ఒరు చెరు పుంచిరి"గా తీశారు. తెలుగులో 2012 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. తనికెళ్ల భరణి దర్శకుడు. అప్పదాసుగా ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికి 66 ఏళ్లు, బుచ్చిలక్ష్మిగా లక్ష్మికి 60. రబ్బరు పాలు లేవు, వణుకు లేదు. సినిమా పొడవునా దాదాపు ఇద్దరే మనుషులు.

ఇద్దరితో సినిమా నడపడంలో ఉన్న కష్టం తీసినవాళ్లకే తెలుస్తుంది. మూడో మనిషి లేకపోతే కెమెరా కట్ చేసి చూపించడానికి ఇంకో మొహం ఉండదు. ఒకరు మాట్లాడితే రెండోవారు వినాలి, అంతే. ఆ లోటుని పెరడు తీర్చింది. ఆవు, పాదులు, పొయ్యి, రోలు, కాఫీ గ్లాసు, ఆవకాయ జాడీ, ఇవే మూడో పాత్రలు. జొన్నవిత్తుల రాసిన కాఫీ దండకం ఒక్కటి చాలు, ముసలి మొగుడి చిరుతిండి యావని శృంగారంగా మార్చడం ఎలాగో తెలియడానికి. వాళ్లు పొద్దస్తమానం తగువులాడతారు. ప్రతి తగువూ ఏదో ఒక పని దగ్గర మొదలై, ఏదో ఒకటి వడ్డించడంతో ముగుస్తుంది. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. వాళ్ల మీద నిష్ఠూరం ఒకటి రెండు చోట్ల పొంగి, మళ్లీ పెరట్లో పనిలో పడిపోతుంది. చివరికి ముందు ఆయన వెళ్లిపోతాడు. తాను ముందు పోతే ఆయన్ని చూసేవాళ్లెవరన్న ఆమె బెంగ అప్పుడు మనకి పూర్తిగా అర్థమవుతుంది. పసుపు కుంకుమలతో పోవాలని నోములు నోచే ఊళ్లలో, భర్త ముందు పోతేనే నిశ్చింత అనుకున్న ఇల్లాలిని తెర మీద నిలబెట్టడం చిన్న సాహసం కాదు. మా వైపు పెద్దవాళ్లు ఆ మాట దగ్గర ఏడవలేదు. తలలూపారు. ఎన్నాళ్లుగానో తమ నోట రానిది ఎవరో అనేసినట్టు.

ఆ సినిమా వచ్చేనాటికి రీళ్ల రోజులు ముగుస్తున్నాయి. అప్పటికే క్యూబ్, యూఎఫ్ఓ అనే డిజిటల్ ప్రదర్శన పద్ధతులు వచ్చి బాక్సుని తరిమేస్తున్నాయి. ఇప్పుడు ఏ ఊళ్లో వేసినా ఒకే బొమ్మ, ఒకే సౌండు, "నాన్నా" అన్న పిలుపు ఎక్కడా తెగదు. అది మంచిదే. పల్లెకి మూడో చేతి ప్రింటు, పట్నానికి మొదటి ప్రింటు అనే తేడా పోయింది.

ఆఖరి ఆట అయ్యాక చేసే పని ఒకటుండేది. రీళ్లన్నీ బల్ల మీద చేత్తో వెనక్కి చుట్టేవారు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి గుడ్డ పెట్టి ఫిల్ము అంచులు పట్టుకుంటే, చిరుగు గానీ, లేచిన అతుకు గానీ వేళ్లకి తగిలేది. తగిలినచోట ఆపి సరిచేసి, మళ్లీ తిప్పేవారు. మామూలు రీలు పది నిమిషాల్లో అయిపోయేది. ఆఖరి రీలుకి ఎక్కువసేపు పట్టేది. అడుగడుగునా ఏదో ఒకటి తగిలేది. అంతా చుట్టాక, తర్వాతి ఊరి ఆపరేటరుకి తెలియడానికి, ఒక చీటీ ముక్క మీద పెన్సిలుతో రాసి డబ్బా మూత లోపల పెట్టేవారు. ఫలానా రీల్లో అతుకులు ఇన్ని, ఫలానా చోట మాట పోయింది, సౌండు ముందుగా పెంచుకో. మూత బిగించి, పెట్టెకి తాడు కట్టి, తెల్లవారుజామున మొదటి బస్సుకి టాపు మీద వేసేవారు.